హ్యామ్ ప్రశ్నలు – జవాబులు: సౌర తుపాను, అరోరా, మన బ్యాండ్లు

ఈసారి హ్యామ్‌ల (అభిరుచిగా రేడియో స్టేషన్ నడిపేవాళ్ల) ఉత్తరాలన్నీ సూర్యుడి చుట్టూనే తిరిగాయి. 2019 డిసెంబరులో మొదలైన 25వ సౌరచక్రం (సూర్యుడి హుషారు పెరిగి తగ్గే ఆవృత్తి) 2024లో శిఖరానికి చేరింది. శిఖరం దాటి దిగే కాలంలోనూ పెద్ద తుపానులు వస్తూనే ఉంటాయి కాబట్టి ఇవి ఇంకొన్నాళ్లు పనికొచ్చే ప్రశ్నలే. ఒకదానికొకటి ముడిపడిన వాటిని పక్కపక్కన పెట్టాం.

ప్రశ్న: మధ్యాహ్నం 14 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుండగా అవతలి స్టేషన్ నిమిషంలో మాయమైంది. బ్యాండంతా (ఆ ఫ్రీక్వెన్సీల పట్టీ అంతా) నిశ్శబ్దం. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు ముల్లు కూడా పడిపోయింది. కోయాక్స్ (యాంటెనా కేబుల్) మార్చాను, ప్లగ్గులకు మళ్లీ టంకం పెట్టాను, చివరికి రిగ్ (రేడియో సెట్) మూత విప్పాను. ముప్పావు గంటకి దానంతటదే బాగైంది. తప్పు ఎక్కడుంది?

మీ రిగ్‌లో తప్పు ఉన్నట్టు లేదు. పట్టపగలు, ఒక్కసారిగా, బ్యాండంతా కలిసి పోయి, మెల్లగా తిరిగి రావడం సౌరజ్వాల (సూర్యుడి మీద ఒక్కసారిగా జరిగే పేలుడు) లక్షణం. జ్వాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు వెలుతురుతో పాటే 8 నిమిషాల 20 సెకన్లలో ఇక్కడికి చేరతాయి. అందుకే ముందస్తు హెచ్చరిక కుదరదు: ఇక్కడి పరికరాలకు జ్వాల కనబడే సమయమూ బ్యాండ్ పోయే సమయమూ ఇంచుమించు ఒకటే.

ఆ కిరణాలు అయనోస్ఫియర్ (పైగాలిలో ఎలక్ట్రాన్లు విడిగా తిరిగే భాగం) అడుగున, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డీ పొరలో ఎలక్ట్రాన్లను విపరీతంగా పెంచుతాయి. అంత కింద గాలి ఇంకా చిక్కగా ఉంటుంది. మన సిగ్నల్ ఊపిన ఎలక్ట్రాన్ వెంటనే ఏదో ఒక అణువును గుద్దుకుంటుంది, ఆ ఊపు కాస్తా వేడిగా పోతుంది. పైనున్న ఎఫ్2 పొర సిగ్నల్‌ను తిప్పి పంపడానికి సిద్ధంగానే ఉంటుంది, కానీ అక్కడికి చేరేలోపే సిగ్నల్ ఇంకిపోతుంది.

ఈ నష్టం ఫ్రీక్వెన్సీ వర్గానికి సుమారుగా విలోమంగా ఉంటుంది. 14 మెగాహెర్ట్జ్‌లో 20 డెసిబెల్ నష్టం ఉందనుకోండి. అదే సమయానికి 28లో 5 డెసిబెలే, 7లో మాత్రం 80. కాబట్టి కింది బ్యాండ్లు ముందు పోయి చివర్లో వస్తాయి, పై బ్యాండ్లు చివర్లో పోయి ముందు వస్తాయి. జ్వాల సమయంలో చేయదగ్గ పని ఒక్కటే, ఫ్రీక్వెన్సీ పెంచి 21, 24, 28లలో వెతకడం. పవర్ పెంచడం దండగ. 100 వాట్లను 400 చేస్తే వచ్చేది 6 డెసిబెల్, అంటే ఎస్ మీటరు మీద ఒక్క మెట్టు (ఎస్ యూనిట్).

మీరు కంగారుపడింది ఎస్ మీటరు పడిపోవడం చూసి. బ్యాండ్‌లో మామూలుగా వినబడే హోరులో చాలా భాగం దూరాల ఉరుముల మెరుపులది. అదీ అయనోస్ఫియర్ గుండా వచ్చేదే కనుక సిగ్నళ్లతో పాటు అదీ ఇంకిపోతుంది. యాంటెనా తీగ తెగినా ఇలాగే ఉంటుంది, అందుకే పొరబడతాం. మూత విప్పే ముందు రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. 5 వాట్లు పంపి ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెనా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె) చూడండి; నిన్నటి అంకె ఈ రోజూ ఉంటే యాంటెనా, కోయాక్స్ బాగున్నట్టే. తర్వాత రిగ్ వెనక యాంటెనా ప్లగ్గు విప్పండి. మిగిలి ఉన్న కొద్దిపాటి హోరు ఇంకా తగ్గితే యాంటెనా నుంచి ఏదో వస్తోందన్నమాట, రిసీవర్ పని చేస్తోందన్నమాట. ప్లగ్గు ఉన్నా లేకపోయినా ఒకేలా ఉంటే అప్పుడు రిగ్‌నో, రిలేనో అనుమానించండి. దగ్గర్లోని స్టేషన్ ఒకటి గ్రౌండ్ వేవ్‌లో (నేల వెంటే వచ్చే తరంగంలో) మామూలుగా వినబడితే ఇంకేమీ తడమక్కర్లేదు.

జ్వాలలకు ఏ, బీ, సీ, ఎమ్, ఎక్స్ అని తరగతులున్నాయి, ఒక్కో మెట్టుకు బలం పది రెట్లు. రేడియో అంతరాయానికి ఆర్ స్కేలు వేరే ఉంది: ఎమ్1 దాటితే ఆర్1, ఎమ్5 కి ఆర్2, ఎక్స్1 కి ఆర్3, ఎక్స్10 కి ఆర్4, ఎక్స్20 కి ఆర్5. 2017 సెప్టెంబరు 6న ఎక్స్9.3 జ్వాల వచ్చిన రోజున కరీబియన్‌లో ఇర్మా తుపాను సహాయ చర్యలకు వాడుతున్న షార్ట్‌వేవ్ నెట్‌లు (ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి మాట్లాడుకునే రేడియో బృందాలు) దెబ్బతిన్నాయి. ఆ సమయంలో పగలు ఉన్నవాళ్లకే ఈ దెబ్బ. అదే సమయానికి రాత్రిగా ఉన్న సగానికి ఏమీ తెలియదు. మీకు చీకటి పడ్డాక బ్యాండ్ పోతే జ్వాలను నిందించకండి, వేరే కారణం వెతకాలి.

ప్రశ్న: సోలార్ ఫ్లక్స్ 170, ఏ (A) ఇండెక్స్ 27, కె (K) 3 అని చూశాను. ఇవి మంచివా చెడ్డవా? ఏ చూడాలా, కె చూడాలా? ఫ్లక్స్ ఇంత ఉన్నా 28 మెగాహెర్ట్జ్ ఖాళీగా ఉందేమిటి?

సోలార్ ఫ్లక్స్ అంటే 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో, అంటే 2800 మెగాహెర్ట్జ్‌లో, సూర్యుడి నుంచి వచ్చే రేడియో హోరు. కెనడాలోని పెంటిక్టన్‌లో రోజూ కొలుస్తారు. బాగా నిద్రపోతున్న సూర్యుడికి 65–70 దగ్గర ఉంటుంది, హుషారుగా ఉన్నప్పుడు 200 దాటుతుంది. నిజానికి ఎఫ్2 పొరను తయారుచేసేది ఈ హోరు కాదు, తీవ్ర అతినీలలోహిత కిరణాలు. ఆ రెండూ కలిసి పెరుగుతాయి, ఫ్లక్స్‌ను నేల మీద కూర్చుని కొలవచ్చు, అందుకే ఇది వాడుకలోకి వచ్చింది. ఒక్కరోజు అంకె చూసి ఆశపడకండి. వారం పాటు 150కి పైన నిలిచిందా అన్నది చూడండి. జ్వాల సమయంలో కొలత పడితే ఫ్లక్స్ ఒక్కసారి ఎగిరి కనబడుతుంది, దానివల్ల బ్యాండ్‌కు ఒరిగేదేమీ లేదు.

కె అనేది మూడు గంటలకొకసారి భూ అయస్కాంత క్షేత్రం ఎంత కదిలిందో చెప్పే 0–9 అంకె. ఏ అనేది రోజు మొత్తానికి. కె మెట్లు సమానమైనవి కావు కాబట్టి ఎనిమిది కె విలువలను కూడి సగటు తీయకూడదు. ముందు ఒక్కోదాన్ని మార్చుకోవాలి: కె 0 అంటే 0, 1 అంటే 3, 2 అంటే 7, 3 అంటే 15, 4 అంటే 27, 5 అంటే 48, 6 అంటే 80, 7 అంటే 140, 8 అంటే 240, 9 అంటే 400. మీ రోజున కె వరుస 2, 2, 3, 3, 6, 5, 4, 3 అనుకుందాం. మార్చితే 7, 7, 15, 15, 80, 48, 27, 15. మొత్తం 214, ఎనిమిదితో భాగిస్తే 27. అంటే మీరు చూసిన 27 వెనక మధ్యలో ఒక తుపాను వచ్చి వెళ్లింది. చివరి కె 3 కాబట్టి ఇప్పుడు సర్దుకుంటోంది. ఏ నిన్నటి కథ చెబుతుంది, కె ఈ పూట కథ చెబుతుంది. రేడియో ముందు కూర్చోబోయేవాళ్లకు కె ముఖ్యం. గత కొన్ని కె విలువలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది ఇంకా ముఖ్యం.

ఇక 28 ఖాళీ సంగతి. తుపాను తర్వాత ఎఫ్2 కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టడం మామూలే, అది ఒక కారణం. ఇంకో కారణం చాలామందికి తట్టదు: బ్యాండ్ తెరిచే ఉంటుంది, పిలిచేవాళ్లే ఉండరు. దీన్ని బీకన్లతో (వాటంతటవే గుర్తు సిగ్నల్ పంపే స్టేషన్లతో) తేల్చాలి. ప్రపంచమంతటా 18 బీకన్లున్న అంతర్జాతీయ వరుస ఒకటి 14.100, 18.110, 21.150, 24.930, 28.200 మెగాహెర్ట్జ్‌లలో వంతులవారీగా పంపుతుంది. ఒక్కో బీకన్‌కు 10 సెకన్లు, మొత్తం చుట్టు 3 నిమిషాలు. ముందు కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) మోర్స్‌లో నిమిషానికి 22 పదాల వేగంతో వస్తుంది, తర్వాత ఒక్కో సెకను పొడవున నాలుగు గీతలు. కాల్‌సైన్, మొదటి గీత 100 వాట్లు. రెండోది 10, మూడోది 1, నాలుగోది 0.1 వాటు. మెట్టుకు 10 డెసిబెల్. మూడో గీత దాకా వినబడిందంటే ఆ దారిలో 100 వాట్ల స్టేషన్‌కు 20 డెసిబెల్ మిగులు ఉందని అర్థం. 28.200లో మూడు నిమిషాలు చెవి ఒగ్గితే చాలు, ఏ అంకెల పట్టికా చెప్పలేనిది అది చెబుతుంది. గడియారం మాత్రం సెకనుకు సరిగ్గా ఉండాలి, లేకపోతే ఏ వంతు ఎవరిదో తెలియదు.

ప్రశ్న: నేను ఉత్తరాన 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటున్నాను. 144 మెగాహెర్ట్జ్‌లో 9 ఎలిమెంట్ల యాగీ (ఒక దిక్కుకే గురిపెట్టే యాంటెనా), 100 వాట్లు ఉన్నాయి. ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు కనబడిన రాత్రి ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. ఈ అరోరా మీద (దానికి తగిలి తిరిగొచ్చే సిగ్నల్‌తో) మాట్లాడాలంటే ఏం చేయాలి?

మీ సామాను సరిపోతుంది. వెలుగును నమ్ముకోవడమే ఇబ్బంది. సిగ్నల్‌ను చెదరగొట్టేది వెలుగు కాదు. 100 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో ‘ఈ’ (E) అనే పొరలో అయస్కాంత రేఖల వెంట బారులు తీరిన ఎలక్ట్రాన్ల పోగులు. నిలబెట్టిన సన్నటి చువ్వల కంచె లాంటిది ఊహించుకోండి. చువ్వను తాకిన తరంగం, చువ్వతో ఏ కోణంలో వచ్చిందో ఆ కోణంలోనే వెళ్తుంది. మీ దగ్గర అయస్కాంత రేఖలు దాదాపు నిలువుగా, కొద్దిగా వాలి ఉంటాయి. ఆ కోణాలు కుదరాలంటే మీరూ అవతలివాళ్లూ ఇద్దరూ ధ్రువం వైపు చూస్తూ ఉండాలి, కంచె మీ ఇద్దరికీ ధ్రువం వైపున ఉండాలి. నెత్తిమీద ఆడే వెలుగు చూడ్డానికి అద్భుతం, రేడియోకి పనికిరాదు. ఉత్తర దిక్కున, నేలకు ఆనినట్టు తక్కువ ఎత్తులో ఉన్నదే పనికొస్తుంది. మధ్యాహ్నం ఎండలో, ఏ వెలుగూ కనబడకుండా కూడా అరోరా సంభాషణలు జరుగుతాయి.

వేళలు రెండు. మొదటి విడత మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఏడు లోపు వస్తుంది, కాసేపు ఆగి రెండో విడత అర్ధరాత్రి ప్రాంతంలో. చాలామంది మొదటి విడతను పోగొట్టుకుంటారు, చీకటి పడేదాకా రేడియో పెట్టరు కాబట్టి. కె 5 దాటితే సిద్ధంగా ఉండండి. ముందు 50 మెగాహెర్ట్జ్ పలుకుతుంది, తుపాను బలపడితే 144, ఎప్పుడో ఒకసారి 432.

యాగీని అవతలి స్టేషన్ వైపు పెట్టకండి. అయస్కాంత ఉత్తరానికి పెట్టి, అక్కడినుంచి రెండు పక్కలా 40 డిగ్రీల దాకా నెమ్మదిగా తిప్పుతూ తెలిసిన 144 బీకన్ ఏదైనా వినండి. అవతలివాళ్లు తూర్పున ఉంటే ఈశాన్యం వైపు, పడమర ఉంటే వాయవ్యం వైపు ఎక్కువగా కుదురుతుంది. మంచి దిక్కు పావుగంటకే మారిపోతుంది, కాబట్టి రోటేటర్ మీద చెయ్యి ఉండాలి. అడ్డం ధ్రువణం వాడండి (యాగీ కడ్డీలు నేలకు సమాంతరంగా ఉండాలి), యాగీని పైకి ఎత్తకండి.

వినబడేది మామూలు మోర్స్ స్వరం కాదు. శ్రుతి ఉండదు. ఆవిరి గొట్టం నుంచి బుస్సుమని ముక్కలు ముక్కలుగా వచ్చినట్టు ఉంటుంది. కారణం లెక్క వేసి చూడండి: ఆ ఎలక్ట్రాన్ పోగులు సెకనుకు 500 మీటర్ల వేగంతో మీవైపు వస్తున్నాయనుకుంటే, 144 మెగాహెర్ట్జ్ తరంగం 2.08 మీటర్లు కనుక డాప్లర్ మార్పు సుమారు 480 హెర్ట్జ్. 50 మెగాహెర్ట్జ్‌లో 170లోపే. పైగా అన్ని పోగులూ ఒకే వేగంతో వెళ్లవు. ఒక్క స్వరం పంపితే వందల హెర్ట్జ్ వెడల్పున పరుచుకుని వస్తుంది.

అందుకే కొన్ని పద్ధతులు. సీడబ్ల్యూ (మోర్స్) వాడాలి, వేగం నిమిషానికి 12–15 పదాలు దాటకూడదు. 500 హెర్ట్జ్ సన్న ఫిల్టర్ తీసేసి 2.4 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ పెట్టండి. సన్న ఫిల్టర్‌తో ఆ బుసలో సగం బయటే పోతుంది, హోరు మాత్రం లోపలే ఉంటుంది. అవతలివాళ్లు ఒక కిలోహెర్ట్జ్ దాకా పక్కకు వినబడవచ్చు. దాన్ని ఆర్‌ఐటీతోనే (వినే ఫ్రీక్వెన్సీని మాత్రమే జరిపే మీటతోనే) సరిచేసుకోండి, ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీ కదిలించకండి. ఇద్దరూ మెయిన్ డయల్ తిప్పుకుంటూ పోతే ఒకరినొకరు తరుముకుంటూ బ్యాండ్ చివరికి పోయి మాట మధ్యలో తెగిపోతుంది. సిగ్నల్ రిపోర్టులో (స్పష్టత, బలం, స్వరం చెప్పే మూడు అంకెల్లో) మూడో అంకె, అంటే స్వరం విలువ, ఇవ్వరు. దాని బదులు ‘ఏ’ (A) అనే అక్షరం పంపుతారు, 55ఏ అని. 50లో ఎస్‌ఎస్‌బీ (మాటలు పంపే ఒక పద్ధతి) నడుస్తుంది. ఒక్కో అక్షరాన్నీ ఫోనెటిక్స్‌లో (అక్షరానికి ఒక పదం చొప్పున) నిదానంగా పలకాలి. 144లో ఎస్‌ఎస్‌బీ గుసగుసలా ఉంటుంది, కాల్‌సైన్ పట్టుకుంటే గొప్ప. ఎఫ్‌ఎమ్ జోలికి పోవద్దు. దూరం 2000 కిలోమీటర్ల దాకా వస్తుంది, మామూలుగా అంతకన్నా చాలా తక్కువ.

బుస ఆగిపోయాక రేడియో కట్టేయకండి. అర్ధరాత్రి తర్వాత 50లో ఒక్కోసారి స్వరం శుభ్రంగా, ఏ వణుకూ లేకుండా దూరపు స్టేషన్లు వస్తాయి. దాన్ని అరోరల్ ఈ (E) అంటారు. అప్పుడు మాత్రం యాగీ అవతలివాళ్ల వైపే పెట్టాలి.

ప్రశ్న: ధ్రువం మీదుగా వచ్చే ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపి చదివే డిజిటల్ పద్ధతి) సిగ్నళ్లు తెరమీద బాగానే కనబడుతున్నాయి, డీకోడ్ కావడం లేదు. సౌండ్ కార్డు లోపమా?

కాదు. ఎఫ్‌టీ8లో ఎనిమిది స్వరాలు 6.25 హెర్ట్జ్ ఎడంతో ఉంటాయి. ధ్రువం చుట్టూ ఉండే అరోరా వలయం గుండా వచ్చిన సిగ్నల్ పది ఇరవై హెర్ట్జ్ వెడల్పు పరుచుకున్నా చాలు, పక్క స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ప్రోగ్రామ్‌కు ఏది ఏదో తెలియదు. తెరమీద గీతలు సన్నగా, నిటారుగా ఉండాల్సింది పోయి ఊలు దారంలా నూగుగా కనబడతాయి, అదే గుర్తు. వేరే దిక్కు నుంచి వచ్చేవి అదే క్షణంలో డీకోడ్ అవుతుంటే మీ సామానులో లోపం లేదు. చెవితో వినే సీడబ్ల్యూకి మారండి.

ప్రశ్న: భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేవాళ్లకు అరోరా కనబడదు కదా, జీ4, జీ5 హెచ్చరికలతో మాకేం పని?

పని ఉంది. జీ అనేది భూ అయస్కాంత తుపాను స్కేలు: కెపి (భూమి మొత్తానికి లెక్కించిన కె) 5 అంటే జీ1, 9 అంటే జీ5. ముందుగా దెబ్బతినేది ఎత్తయిన అక్షాంశాల మీదుగా పోయే దారులు. మీ నుంచి ధ్రువాన్ని రాసుకుంటూ పోయే సిగ్నళ్లు బొంగురుపోయి, వణికి, ఆగిపోతాయి. ఉత్తర దక్షిణంగా భూమధ్యరేఖ దాటే దారులు చాలాసేపు నిలుస్తాయి. తుపాను ముదిరితే ఎఫ్2 పొర పలచబడి, అది తిప్పి పంపగలిగే అత్యధిక ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. 28 ముందు పోతుంది, తర్వాత 24, 21. అప్పుడు కిందకి, అంటే 14, 10, 7కు దిగాలి. ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి: జ్వాల వస్తే పైకి వెళ్లాలి, తుపాను వస్తే కిందకి దిగాలి. ఈ రెండూ తారుమారు చేసుకుని, పలికే బ్యాండ్‌ను వదిలేసి చచ్చిన బ్యాండ్‌లో గొంతు చించుకునేవాళ్లు చాలామంది.

భూమధ్యరేఖ ప్రాంతంలో కథ ఇంకొంచెం వేరు. అయస్కాంత మధ్యరేఖకు రెండు పక్కలా 15 డిగ్రీల దరిదాపుల్లో ఎఫ్2 మామూలుగానే బాగా దట్టంగా ఉంటుంది. ఆ రెండు దట్టమైన చోట్లనూ వాడుకుని, మధ్యరేఖకు అటూ ఇటూ ఇంచుమించు సమాన దూరంలో ఉన్న స్టేషన్లు 50 మెగాహెర్ట్జ్‌లో సాయంత్రం, రాత్రి తొలి భాగంలో మాట్లాడుకుంటాయి. మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు దీనికి మంచి నెలలు. తుపాను మొదటి గంటల్లో ఈ దట్టం పెరిగి 50 అదిరిపోవచ్చు, లేదా అసలు తెరుచుకోకపోవచ్చు. తుపాను ఏ వేళకు తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2024 మే 10న జీ5 తుపాను వచ్చింది, 2003 అక్టోబరు తర్వాత ఆ స్థాయికి చేరినది అదే మొదటిది. అలాంటి రోజున ఒక్క బ్యాండ్ పట్టుకుని కూర్చోకుండా 7 నుంచి 50 దాకా అరగంటకోసారి చుట్టి రావడం మంచిది.

ప్రశ్న: సౌర తుపాను వస్తోందంటే యాంటెనా పీకేయాలా? రిగ్ కాలిపోతుందా?

అక్కర్లేదు. 1989 మార్చి 13న క్యుబెక్‌లో కరెంటు పోయింది వందల కిలోమీటర్ల పొడవున్న విద్యుత్ లైన్లలో నేల గుండా పుట్టిన ప్రవాహాల వల్ల. 20 మీటర్ల డైపోల్ యాంటెనాలో అలాంటిదేమీ పుట్టదు. యాంటెనా విప్పాల్సింది పిడుగులకు.

ప్రశ్న: జ్వాల వచ్చిందని విన్న ఎన్నాళ్లకు తుపాను వస్తుంది? కొన్నిసార్లు హెచ్చరిక ఇచ్చినా ఏమీ జరగదెందుకు?

సూర్యుడి నుంచి మూడు రకాలవి మూడు వేగాలతో వస్తాయి. ఎక్స్ కిరణాలు 8 నిమిషాల్లో. ప్రోటాన్లు పదుల నిమిషాల నుంచి కొన్ని గంటల్లో. ఇవి ధ్రువాల దగ్గర దిగి అక్కడి డీ పొరను రోజుల తరబడి పాడుచేస్తాయి, రాత్రీ పగలూ తేడా లేకుండా. మూడోది సీఎంఈ, సూర్యుడు విసిరేసిన ప్లాస్మా ముద్ద. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, మహా వేగమైనది 18 గంటల్లోపే రావచ్చు. బ్యాండ్ ఎప్పుడు చెడిందో, అంతకుముందు జ్వాల ఎప్పుడు వచ్చిందో పక్కపక్కన రాసుకుంటే, చెడగొట్టింది ఈ మూడింట్లో ఏదో ఆ ఆలస్యమే పట్టిస్తుంది.

ముద్ద వచ్చినంత మాత్రాన తుపాను రాదు. దానిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉండాలి, అప్పుడే భూమి క్షేత్రంతో ముడిపడి శక్తి లోపలికి వస్తుంది. ఆ దిశను బీజెడ్ అంటారు. మైనస్ 10 నానోటెస్లా దాటి గంటలపాటు ఉంటే అరోరాకు సిద్ధపడండి. ప్లస్‌లో ఉంటే ఎంత వేగంగా వచ్చినా చాలావరకు దాటిపోతుంది. ఈ దిశ ముందే తెలియదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏస్, డిస్కవర్ లాంటి ఉపగ్రహాలను ముద్ద తాకినప్పుడే తెలుస్తుంది. సౌరగాలి సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో ఉంటే మీ చేతిలో ఉన్నది 50 నిమిషాలు, 800 అయితే 31. యాగీ తిప్పి, ఫిల్టర్ మార్చుకోవడానికి ఆ కాస్త చాలు.

జ్వాల లేకుండానే వచ్చే తుపానులూ ఉన్నాయి. కరోనాలోని (సూర్యుడి బయటి వాతావరణంలోని) రంధ్రాల నుంచి వేగంగా వీచే గాలి, సూర్యుడి భ్రమణంతో పాటు సుమారు 27 రోజులకోసారి మళ్లీ తగులుతుంది. ఈ నెల ఏ తేదీన కె 5 వచ్చిందో కేలండర్ మీద గుర్తు పెట్టుకుని, 27 రోజులు లెక్కవేసి అక్కడా ఒక చుక్క పెట్టండి. సౌరచక్రం దిగుతున్న ఏళ్లలో ఈ పద్ధతి బాగా కలిసొస్తుంది.

ప్రశ్న: జ్వాల వచ్చిందని ఇంట్లోనే కనిపెట్టే సాధనం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, రిసీవర్ కూడా అక్కర్లేదు. జలాంతర్గాముల కోసం నడిచే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ స్టేషన్లు రాత్రింబవళ్లు పంపుతుంటాయి: ఆస్ట్రేలియా నార్త్ వెస్ట్ కేప్‌లో 19.8 కిలోహెర్ట్జ్, జర్మనీలో 23.4, అమెరికాలోని కట్లర్‌లో 24.0. ఇవి నేలకూ డీ పొరకూ మధ్య ప్రయాణిస్తాయి. జ్వాల డీ పొరను కిందకి దించగానే వీటి బలం మారుతుంది. హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సిగ్నల్ ఇంకిపోయే క్షణంలోనే వీటి బలం చాలా దారుల్లో పెరుగుతుంది. కొన్ని దారుల్లో తగ్గుతుంది కూడా.

ఒక మీటరు చదరపు చెక్క ఫ్రేము తీసుకోండి. లోహపు ఫ్రేము వద్దు, అదే ఒక మూసిన చుట్టయి సిగ్నల్‌ను మింగేస్తుంది. అర మిల్లీమీటరు రాగి తీగ, ఇన్సులేషన్‌తో, 40 చుట్లు పక్కపక్కన 4 సెంటీమీటర్ల వెడల్పులో చుట్టండి. సుమారు 160 మీటర్ల తీగ పడుతుంది. ఇండక్టెన్స్ 5 మిల్లీహెన్రీ వస్తుంది. 19.8 కిలోహెర్ట్జ్‌కు శ్రుతి చేయడానికి 12.8 నానోఫారడ్ కావాలి. చుట్ల మధ్య కొంత కెపాసిటెన్స్ దానంతటదే ఉంటుంది కనుక ముందు 10, 2.2 నానోఫారడ్‌లను సమాంతరంగా పెట్టి, తర్వాత 100 పికోఫారడ్ చొప్పున కలుపుతూ బలం ఎక్కువయ్యే చోట ఆగండి. పాలీప్రొపిలీన్ లేదా పాలీస్టైరీన్ కెపాసిటర్లే వాడండి. చవక రకం సిరామిక్ బిళ్లలు ఎండకు విలువ మారతాయి. ఆ మార్పు మధ్యాహ్నం గీత వంగినట్టు కనబడి, దాన్ని సూర్యుడి పని అనుకుంటారు.

ఈ చుట్టను నేరుగా సౌండ్ కార్డుకు కలపకండి. శ్రుతి దగ్గర దాని ఇంపెడెన్స్ ముప్పై వేల ఓమ్‌ల దాకా ఉంటుంది, మైక్ ఇన్‌పుట్ దాన్ని అణిచేసి శ్రుతి పదును పోగొడుతుంది. పెద్ద చుట్ట మీదే వేరే తీగతో 4 చుట్లు చుట్టి, ఆ రెండు కొసలనూ తొడుగు తీగతో మైక్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. మైక్ సాకెట్‌లో డీసీ వోల్టేజీ ఉంటుంది, వరుసలో 1 మైక్రోఫారడ్ పెడితే అది ఆగుతుంది. సౌండ్ కార్డు 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో 19.8 బాగా పట్టుకుంటుంది, 23.4 అంచుకు వస్తుంది, లోపలి ఫిల్టర్ కోసేస్తుంది; 24.0 కావాలంటే శాంప్లింగ్ 96 ఉండాలి, కెపాసిటర్ 8.7 నానోఫారడ్‌కు తగ్గించాలి. 19.8కి రెండు పక్కలా 100 హెర్ట్జ్ మేర బలాన్ని 5 సెకన్లకోసారి రాసిపెట్టే ప్రోగ్రామ్ ఏదైనా సరిపోతుంది. రికార్డింగ్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఆపు చేయడం మరవొద్దు, అది ఉంటే జ్వాల వచ్చిన పెరుగుదలను అదే సమం చేసి దాచేస్తుంది.

ఎక్కువమంది ఇక్కడే విసిగి మానేస్తారు: తెర నిండా గీతలు, అసలు స్టేషన్ కనబడదు. ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్ చార్జర్లు, మానిటర్లు అన్నీ ఈ ఫ్రీక్వెన్సీల్లోనే రొద చేస్తాయి. లూప్‌ను (మీ తీగ చుట్టను) వాటికి కనీసం మూడు నాలుగు మీటర్ల దూరం జరపండి, ఒక్కో చార్జర్ పీకుతూ తెర చూడండి. లూప్ తన అంచు చూపే దిక్కున బాగా వింటుంది, తన ముఖం చూపే దిక్కున వినదు. ముందు స్టేషన్ వైపు అంచు పెట్టి, తర్వాత రొద తగ్గేదాకా కొద్దికొద్దిగా తిప్పి రాజీపడండి.

రెండు మూడు రోజులు నడిస్తే మామూలు రోజు ఆకారం అర్థమవుతుంది: సూర్యోదయం, సూర్యాస్తమయాల దగ్గర పల్లాలు, పగలు నున్నటి గీత, రాత్రి ఎగుడుదిగుడు. ఆ నున్నటి గీత మీద రెండు నుంచి ఐదు నిమిషాల్లో ఎగిరి, అరగంట నుంచి గంటన్నరలో మెల్లగా జారే మూపురం కనబడితే అది జ్వాల. ఎమ్ తరగతివి స్పష్టంగా తెలుస్తాయి, బలమైన సీ తరగతివి కూడా. సూదిమొనల్లాంటివి మెరుపులు. గోడలా నిటారుగా సున్నాకి పడిపోతే స్టేషన్ మరమ్మతు కోసం ఆపేశారని అర్థం.

గడియారాన్ని యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) సెకన్ల లెక్కన సరిపెట్టి, సూర్యుణ్ణి గమనించే గోస్ ఉపగ్రహం ఇచ్చే ఎక్స్ కిరణాల గీతతో పోల్చండి. మీ శిఖరం ఉపగ్రహం శిఖరానికన్నా ఒకటి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకొంచెం, వెనకబడి ఉంటుంది. అది చూసి గడియారాన్ని జరపకండి. డీ పొరలో ఎలక్ట్రాన్లు విడివడటమూ మళ్లీ అతుక్కోవడమూ సమానం కావడానికి పట్టే సమయం అది.